నిలబడిన సైకిలు మీద ముప్పావు గంట: విసుగు పుట్టినా మానకుండా ఉండడం ఎలా?



ఈ రోజుల్లో చాలా ఇళ్లలో హాలు మూలన ఒక ఎక్సర్‌సైజ్ సైకిలు కనబడుతుంది. కొన్న మొదటి వారం ఇంటిల్లిపాదీ వంతులు వేసుకొని తొక్కుతారు. రెండవ వారం ఒక్కరే మిగులుతారు. నెల తిరిగేసరికి హ్యాండిలు మీద తడి తువ్వాళ్లు, సీటు మీద ఇస్త్రీ బట్టలు చేరతాయి. నవ్వు వచ్చే సంగతే గాని, ఆ సైకిలు ఎవరి ఆరోగ్యం కోసం కొన్నారో వారి విషయంలో ఇది నవ్వి వదిలేసేది కాదు.

గుండెకు స్టెంటు వేయించుకొన్న ఒక పెద్దాయన సంగతి చెబుతాము. ఆయనకు షుగరు కూడా ఉంది. డాక్టరు పరీక్షించి, వ్యాయామం మెల్లగా మొదలు పెట్టవచ్చునన్నారు. వారి వీధిలో లారీల రద్దీ, తెల్లవారుజామున కుక్కల బెడద. అందుచేత కొడుకు ఇంట్లోకే సైకిలు కొనిచ్చాడు. మూడు నెలల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు షుగరు తగ్గలేదు. భార్య ఇలా అన్నారు: "'ఏమండీ, ఇవాళ సైకిలెక్కలేదేం?' అని నేనడగడం, 'రేపు ఎక్కుతాలేవే' అని ఈయన అనడం. మూడు నెలలూ ఇదే వరస డాక్టరుగారూ!" ఆయన తల వంచుకొని, "నొప్పి వచ్చి కాదండి, భయపడీ కాదు. గోడను చూస్తూ తొక్కలేక మానేశాను" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. ఈ నెల పాఠం ఆ విసుగును గురించే.

1. విసుగు ఎందుకు పుడుతుంది?

ముందుగా ఒక మాట: ఇది మీ సోమరితనం కాదు. రోడ్డు మీద సైకిలుకు, ఇంట్లో నిలబడిన సైకిలుకు చాలా తేడా ఉంది. రోడ్డు మీద పల్లం వస్తే కాళ్లు ఆపినా బండి సాగిపోతుంది. మలుపులు, మనుషులు, చెట్లు కంటికి పని కల్పిస్తాయి. ఎదురుగాలి చెమటను ఆర్పుతుంది. ఇంట్లో ఇవేమీ లేవు. కాళ్లు ఆపితే బండికి సాగడమన్నది లేదు, గాలి తగలదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఒళ్లు వేడెక్కేకొద్దీ అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. అందుకే ఇంట్లో 20 నిమిషాలు రోడ్డు మీద గంటలాగా తోస్తుంది.

చలిదేశాల సైకిలు పందెగాళ్లకు కూడా ఈ బాధ ఉంది. మంచు కురిసే నెలల్లో వారు తమ సైకిలు వెనుక చక్రాన్ని ట్రైనర్ అనే స్టాండుకు బిగించి, గదిలోనే గంటల తరబడి సాధన చేస్తారు. వారి విసుగు పోగొట్టడానికే వీడియోలు పుట్టాయి: కొండదారుల దృశ్యాలు, పందేల దృశ్యాలు, "ఇప్పుడు వేగం పెంచండి" అని చెప్పే శిక్షకుల పాఠాలు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు చలికాలంలో ఇలాగే తొక్కుతుంటారు. వారికి పనికి వచ్చిన ఉపాయం మన హాల్లోనూ పనికి వస్తుంది, కొంచెం జాగ్రత్తతో.

2. మానేస్తే ఏమి పోతుంది?

వ్యాయామం చేసినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకొంటాయి. ఆ తరువాత కూడా ఇన్సులిన్ మాట అవి బాగా వింటాయి. కాని ఆ మేలు ఒక రోజు నుండి మూడు రోజుల వరకే నిలుస్తుంది. పోయిన నెల తొక్కిన సైకిలు ఈ వారం షుగరును తగ్గించదు. అందుకే షుగరు ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానకూడదని వైద్యులు చెబుతారు.

పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు తొక్కితే 150 అవుతుంది. 45 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తొక్కితే 180. ఒక్క రోజు గంటన్నర తొక్కి వారమంతా పడుకోవడం కన్నా ఇలా పంచుకోవడమే మంచిది.

3. వీడియో ఏమి చేయగలదు? ఏమి చేయలేదు?

పాట వింటూ తొక్కేవారికి అదే శ్రమ కొంచెం తేలికగా తోస్తుంది. పాట తాళానికి సరిగ్గా కాళ్లు కలిపి తొక్కినవారికి, తాళం కలవనివారి కన్నా సుమారు 7 శాతం తక్కువ ప్రాణవాయువు సరిపోయిందని 2012లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన తెలిపింది. నిమిషానికి 120 దెబ్బల తాళం ఉన్న పాట పెట్టుకొని, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క పాదం కిందికి తొక్కితే నిమిషానికి 60 చుట్లు అవుతాయి. కొత్తగా మొదలు పెట్టినవారికి ఇది చక్కని వేగం.

ఇంకొక ప్రయోగం అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగింది. కేథరిన్ మిల్క్‌మన్, ఆమె తోటి పరిశోధకులు 2014లో దాని ఫలితాలు ప్రకటించారు. కొందరికి ఉత్కంఠ కలిగించే కథల ఆడియో పుస్తకాలు ఇచ్చి, వాటిని వ్యాయామశాలలో మాత్రమే వినే ఏర్పాటు చేశారు. కథ తరువాత ఏమయిందో తెలియాలంటే వ్యాయామానికి రావలసిందే! మొదట్లో వీరు మిగతావారికన్నా 51 శాతం ఎక్కువసార్లు వచ్చారు. "వ్యాయామమప్పుడే వినండి" అని మాటతో మాత్రమే చెప్పినవారు 29 శాతం ఎక్కువగా వచ్చారు. అయితే మధ్యలో పండుగ సెలవులు వచ్చాయి. సెలవుల తరువాత ఆ ఉత్సాహం చల్లారిపోయింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఇష్టమైనదాన్ని కష్టమైనదానికి ముడి వేస్తే పని సాగుతుంది. కాని సెలవు వచ్చి ముడి ఊడితే, దాన్ని మళ్లీ మనమే వేసుకోవాలి. వీడియో ఆ పని చేయలేదు.

4. ఏ వీడియో పెట్టుకోవాలి?

అ) కథ: సీరియల్, పాత సినిమా వంటివి. "తరువాయి భాగం సైకిలు మీదనే చూస్తాను" అని నియమం పెట్టుకోండి. సోఫాలో కూర్చొని చూసేస్తే మందు పని చేయదు.

ఆ) దారి దృశ్యాలు: సైకిలు మీద నుండి తీసిన కొండదారులు, సముద్రతీరాలు. తీరిక రోజున నిదానంగా తొక్కడానికి బాగుంటాయి.

ఇ) పాటలు: కాళ్లకు తాళం దొరుకుతుంది. మీరు గాయక బృందంలో పాడే పాటలైనా సరే.

ఈ) శిక్షకుని పాఠాలు: వీటితో జాగ్రత్త. చాలావరకు ఇవి ఆరోగ్యవంతులైన యువకుల కోసం, పందెగాళ్ల కోసం తీసినవి. తెరమీద మనిషి "ఇంకా గట్టిగా!" అని అరిచినంత మాత్రాన మీరు తొక్కవలసిన పని లేదు. ఆయనకు మీ గుండె సంగతి తెలియదు.

రేపటి వీడియోను ఈ రాత్రే ఎంచుకోండి. సైకిలెక్కి ఫోనులో వెదుక్కొంటూ కూర్చొంటే పది నిమిషాలు అక్కడే గడిచిపోతాయి. కరెంటు పోయే వేళలుంటే ముందే ఫోనులో దింపి ఉంచుకోండి. తెరను కంటి ఎత్తులో పెట్టండి. తల వంచి ఒళ్లోని ఫోను చూస్తే మెడ పట్టేస్తుంది.

5. ముప్పావు గంటను ముక్కలు చేయండి

"ఇంకా 45 నిమిషాలా!" అనుకొంటే కాలు లేవదు. "ఈ 8 నిమిషాలే" అనుకొంటే లేస్తుంది.

మొదటి 8 నిమిషాలు: చాలా తేలికగా, ఒళ్లు వెచ్చబడేవరకు.

తరువాత 8 నిమిషాల ముక్కలు నాలుగు: ప్రతి ముక్కలో 6 నిమిషాలు మామూలుగా, 1 నిమిషం కొంచెం బిగువు పెంచి, 1 నిమిషం పూర్తిగా తేలికగా. ఆ తేలిక నిమిషంలో ఒక గుక్క నీరు త్రాగండి, సీటు మీద ఒకసారి సర్దుకొని కూర్చోండి.

చివరి 5 నిమిషాలు: నెమ్మదిగా తగ్గించుకొంటూ ఆపండి. హఠాత్తుగా దిగితే కళ్లు తిరగవచ్చు.

మొత్తం 45 నిమిషాలు. కొత్తవారు మొదటి వారమే ఇంత తొక్కకూడదు. 10 నిమిషాలతో మొదలు పెట్టి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకోండి. ఎనిమిదవ వారానికి 45కి చేరతారు. గుండె జబ్బు ఉన్నవారు బిగువు పెంచే నిమిషాన్ని డాక్టరును అడిగిన తరువాతే చేర్చుకోవాలి.

6. శ్రమను ఎలా కొలవాలి?

స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ శ్రమను కొలవడానికి 6 నుండి 20 వరకు అంకెలున్న ఒక కొలబద్దను తయారు చేశారు. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక చేయలేను. సాధారణంగా 12, 13 దగ్గర, అంటే "కొంచెం కష్టంగా ఉంది" అనేచోట, ఉంటే చాలు. ఇంకా సులువైన గుర్తు: తొక్కుతూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. పాడగలిగితే శ్రమ తక్కువ. మాట కూడా తెగిపోతుంటే శ్రమ ఎక్కువ.

బి.పి.కి, గుండెకు కొన్ని మాత్రలు వాడేవారిలో నాడి వేగం పెరగవలసినంత పెరగదు. వారు యంత్రం మీద కనబడే అంకెను నమ్ముకోక, ఈ మాట గుర్తునే పాటించాలి.

7. చిన్న ఏర్పాట్లు, పెద్ద మేలు

ఫ్యాను: మీ వైపుకు గాలి తగిలేలా పెట్టండి. సగం విసుగు వేడివల్లనే.

సీటు ఎత్తు: మడమను పెడలు మీద పెట్టి కిందివరకు తొక్కితే కాలు తిన్నగా రావాలి. తరువాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప నొప్పి పెడుతుంది.

కాళ్లకు: బూట్లు, మేజోళ్లు తప్పనిసరి. షుగరు ఉన్నవారు దిగగానే పాదాలు చూసుకోవాలి. చీర కొంగు, చున్నీ పెడళ్లలో పడకుండా దోపుకోండి. చిన్నపిల్లల వేళ్లు చక్రం దగ్గరకు రానీయకండి.

క్యాలెండరు: తొక్కిన రోజున నిమిషాలు వ్రాయండి. ఒక రోజు ఖాళీ ఉన్నా ఫరవాలేదు. రెండు ఖాళీలు పక్కపక్కన కనబడితే మూడవ రోజు తప్పక ఎక్కండి.

మనసు లేని రోజున: "10 నిమిషాలే తొక్కుతాను" అని ఎక్కండి. అప్పటికీ దిగాలనిపిస్తే దిగిపోండి, తప్పు లేదు. చాలాసార్లు ఎక్కడమే కష్టం, తొక్కడం కాదు.

8. ఈ జాగ్రత్తలు మరువకండి

గుండె జబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా మొదలు పెట్టకూడదు. షుగరువల్ల కంటిలో రక్తస్రావం అయినవారు ముందుగా కంటి డాక్టరును అడగాలి. ఇన్సులిన్, లేదా షుగరును బాగా దించే మాత్రలు వాడేవారు ఎక్కేముందు పరీక్ష చేసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి. దగ్గర గ్లూకోజు గాని పంచదార గాని ఉంచుకోండి. జ్వరం ఉన్న రోజున తొక్కవద్దు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం, గుండె దడ: వీటిలో ఏది కనబడినా వెంటనే ఆపండి. "ఈ భాగం అయిపోనీ" అనుకోవద్దు. ఆపినా ఛాతీ నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

9. ఇంటివారికి ఒక మాట

మొదట చెప్పిన పెద్దాయన ఇంట్లో దారి చూపింది మనుమరాలు. రోజూ రాత్రి ఆయన చూసే సీరియల్‌ను తన ఫోనులో పెట్టి, "తాతయ్యా, సైకిలెక్కితేనే ఫోనిస్తా" అన్నది. ఆయన కూడా నవ్వి ఒప్పుకొన్నారు. మొదట 10 నిమిషాలు, తరువాత సీరియల్ సగం, చివరకు సీరియల్ మొత్తం. ఆ తరువాత ఒక పెళ్లికి ఊరు వెళ్లి పన్నెండు రోజులు ఉండిపోయారు. తిరిగి వచ్చాక సైకిలు మీద మళ్లీ తువ్వాలు పడింది. ఈసారి భార్య "ఎక్కలేదేం?" అని అడగలేదు. తువ్వాలు తీసి, ఫ్యాను తిప్పి, కుర్చీ లాక్కొని పక్కన కూర్చొని, "రండి, ఎక్కడ ఆపామో అక్కడినుండి చూద్దాం" అన్నారు. ఆ రోజు ఆయన తొక్కింది 10 నిమిషాలే. కాని మళ్లీ మొదలయింది.

గనుక ఇంట్లో ఎవరైనా వ్యాయామం మానేస్తే దెప్పిపొడవకండి. సైకిలు మీది బట్టలు తీసి, పక్కన కూర్చోండి.

ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి:

1. మన ఇంట్లో సైకిలు ఎవరి కోసం కొన్నాము? వారు చివరగా ఎప్పుడు ఎక్కారు?
2. వారికి ఎంతో ఇష్టమైన కార్యక్రమం ఏది? దాన్ని సైకిలుకు ఎలా ముడి వేయగలము?
3. పండుగకో పెళ్లికో ఊరు వెళ్లి వచ్చాక, మళ్లీ ఏ రోజున మొదలు పెడతాము? ఆ తేదీని వెళ్లే ముందే క్యాలెండరులో వ్రాసి ఉంచండి.