మళ్ళీ మళ్ళీ సరిహద్దుకు: సైనికుని మనసు అలసిపోతే

మన ఉప్పల్, నాచారం ప్రాంతాలకు సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎంతో దూరం కాదు. మన బస్తీల్లో, మన సంఘాల్లో సైన్యంలో పనిచేస్తున్నవారు ఉన్నారు. పెన్షన్ మీద వచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గరో, బ్యాంకు దగ్గరో సెక్యూరిటీ డ్యూటీ చేసుకుంటున్నవారూ ఉన్నారు. వీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు బి.పి. అంటారు, కడుపులో మంట అంటారు, నిద్ర పట్టడం లేదంటారు. మనసు బాగాలేదని మాత్రం చెప్పరు. ఆ మాట భార్య చెబుతుంది, అదీ ఆయన మందుల కోసం ఫార్మసీ వైపు వెళ్ళినప్పుడు. "సిస్టర్, ఇదివరకు లీవుకు వచ్చిన మనిషి కాదు ఈయన" అంటుంది.

ఈ మార్పు ఎందుకు వస్తుంది? ఇంట్లోవారు ఏమి చేయవచ్చు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ధైర్యం కూడా ఖర్చవుతుంది

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పటాలంలో డాక్టరుగా పనిచేసిన లార్డ్ మోరన్ 1945లో ధైర్యం గురించి ఒక పుస్తకం వ్రాశారు. ధైర్యం బ్యాంకులో దాచుకున్న సొమ్ము వంటిదని ఆయన అభిప్రాయం. ప్రమాదంలో గడిపిన ప్రతిరోజూ అందులోనుంచి కొంత ఖర్చవుతుంది. జమ చేయకుండా తీస్తూనే ఉంటే ఎంత ధైర్యవంతుని ఖాతా అయినా ఖాళీ అవుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1946లో ఆపెల్, బీబీ అనే ఇద్దరు ఈ విషయాన్ని లెక్కలతో చూపించారు. పోరాట పంక్తిలో సుమారు 200 నుండి 240 రోజులు గడిపేసరికి సగటు అమెరికన్ కాల్బలం సైనికుడు పనికి రాకుండా అలసిపోయేవాడు. బ్రిటిష్ సైనికుడు 400 రోజుల వరకు నిలబడేవాడు. వారిని పన్నెండు రోజులకోసారి వెనక్కు పిలిచి నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చేవారు. అమెరికన్లను ఇరవై, ముప్పై రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ముందే ఉంచేవారు. తేడాకు ముఖ్య కారణం ఆ విశ్రాంతే.

ఇరాక్‌లో ఉన్న అమెరికన్ సైనికులపై 2007లో జరిగిన సర్వే కూడా ఇదే చెప్పింది. మన హవల్దార్ల స్థాయి వారిలో మొదటిసారి వెళ్ళినవారిలో సుమారు 12 శాతం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. రెండోసారి వెళ్ళినవారిలో 18 శాతం పైగా, మూడోసారి, నాలుగోసారి వెళ్ళినవారిలో 27 శాతం. అంటే అనుభవం పెరిగితే మనసు రాయి అవుతుందనుకోవడం పొరపాటు.

"నేను ఎందుకు వెళ్తున్నాను?"

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుండి అక్కడి కుటుంబాలు బిడ్డలను పటాలానికి పంపుతున్నాయి. అందుకే దానిని మిలటరీ మాధవరం అంటారు. తాతగారి పేరు నిలబెట్టాలని, దేశం కోసమని, చెల్లి పెళ్ళి కోసమని, నెలనెలా జీతం కోసమని కుర్రవాళ్ళు చేరతారు. ఇవన్నీ మంచి కారణాలే. అయితే రెండు మూడు కష్టమైన పోస్టింగులు అయ్యేసరికి ఈ కారణాలు మారిపోతాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికులను మిమ్మల్ని ముందుకు నడిపించేది ఏమిటని అడిగారు. ఎక్కువమంది ఈ పని పూర్తిచేసి ఇంటికి పోవాలన్నారు. తరువాత వచ్చిన జవాబు, తోటివారిని విడిచిపెట్టలేము అని. పెద్ద పెద్ద ఆశయాలు చెప్పినవారు తక్కువ. కాబట్టి మీవాడు దేశం మాట తగ్గించి, "మా యూనిట్ కుర్రాళ్ళు అక్కడ ఉన్నారు, వెళ్ళాలి" అంటే దేశభక్తి పోయిందని అనుకోకండి. ఆ స్నేహమే అతణ్ణి నిలబెడుతోంది. ఆ తోటివాడు చనిపోతే అతని మనసు కూలిపోవడానికీ కారణం అదే.

ఎందుకు వెళ్ళామో తెలియకపోతే బరువు ఇంకా పెరుగుతుంది. 1987 జూలైలో మన సైన్యం శాంతి పరిరక్షణకని శ్రీలంక వెళ్ళింది. మన దక్షిణాది వారు ఎక్కువగా ఉండే మద్రాస్ రెజిమెంట్ పటాలాలు కూడా వెళ్ళాయి. తమిళులను కాపాడాలని వెళ్ళినవారు కొద్ది నెలలకే తమిళ పులులతో యుద్ధం చేయవలసి వచ్చింది. 1,100 మందికి పైగా చనిపోయారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు చేరినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి స్వాగతానికి రాలేదు. తిరిగి వచ్చినవానికి గౌరవం దొరకకపోతే అది కూడా ఒక గాయమే.

ఎదురుచూపు కూడా అలసటే

తుపాకీ పేలకపోయినా మనసు అలుస్తుంది. పార్లమెంటుపై దాడి తరువాత 2001 డిసెంబరులో మొదలైన ఆపరేషన్ పరాక్రమ్‌లో లక్షల మంది జవాన్లు సుమారు పది నెలలు సరిహద్దులో ఉన్నారు. యుద్ధం రాలేదు, ఇంటికి ఎప్పుడు వెళ్తామో కూడా తెలియలేదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది మరణించారు. ఆ తరువాత వేలాది జవాన్లు లడఖ్ చలిలోనే శీతాకాలాలు గడిపారు. జవానుకు సంవత్సరానికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉన్నా, పరిస్థితిని బట్టి అది వాయిదా పడుతుంది. ఆ వాయిదా ఇంటివారికంటే అతనికే ఎక్కువ కష్టం.

గమనించవలసిన గుర్తులు

1. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, ఉలిక్కిపడి లేవడం.
2. దీపావళి టపాకాయలకు, కారు హారన్‌కు బెదరడం. ఉప్పల్ రింగ్ రోడ్డు వంటి రద్దీ చోట్లకు రానని అనడం.
3. చిన్న మాటకు పెద్ద కోపం, లేదా అసలు మాటే లేకపోవడం.
4. క్యాంటీన్ మందు మోతాదు ఏటేటా పెరగడం.
5. భార్యాబిడ్డల దగ్గర ఉన్నా పరాయివానిలా ఉండటం.
6. "నేను లేకపోతే మీకు పెన్షన్ వస్తుందిలే" వంటి మాటలు. ఇవి వేళాకోళం అనుకోవద్దు. ఆ రోజే సహాయం తీసుకోవాలి.

మొదటి నాలుగైదు గుర్తులు నెలకు పైగా ఉంటే డాక్టరుకు చూపించాలి.

ఇంట్లోవారు చేయవలసినవి

లీవుకు వచ్చిన మొదటి వారం స్థలం తగాదాలు, అప్పులు, చుట్టాల పిలుపులు ముందు పెట్టకండి. ముందు నిద్ర, ఇంటి భోజనం, పిల్లలతో ఆట. పసిపిల్ల నాన్నను చూసి ఏడిస్తే నవ్వకండి, పిల్లను బలవంతంగా చేతుల్లో పెట్టకండి. నాలుగు రోజుల్లో తానే దగ్గరవుతుంది.

నిద్రలో ఉన్నవాణ్ణి పట్టుకుని కుదపవద్దు. కొంచెం దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి.

"ఎంతమందిని చంపావు?" అని అడగవద్దు, పిల్లలనూ అడగనివ్వవద్దు. చెప్పాలనిపించినప్పుడు ఆయనే చెబుతాడు. అప్పుడు మధ్యలో ఆపకుండా వినండి.

పోస్టులో డ్యూటీ మీద ఉన్నవానికి రాత్రిపూట అత్తాకోడళ్ళ గొడవలు ఫోనులో చెప్పవద్దు. అలాగని పెద్ద జబ్బునో, పెద్ద నష్టాన్నో దాచవద్దు. తరువాత తెలిస్తే ఇంటి మీద నమ్మకం పోతుంది. విశ్రాంతిగా ఉన్న సమయం అడిగి, నెమ్మదిగా చెప్పండి.

ఆయన లేనప్పుడు ఇల్లు నడిపేది భార్య. ఆమెకూ అలసట ఉంటుంది. అత్తమామలు, ఆడపడుచులు, ఇరుగుపొరుగు ఆమెకు చేయి అందిస్తే అది సరిహద్దులో ఉన్నవానికి చేసిన సహాయమే.

సహాయం ఎక్కడ?

సర్వీసులో ఉన్నవారు ముందు యూనిట్ డాక్టరుతో మాట్లాడవచ్చు. తిరుమలగిరిలో మిలటరీ హాస్పిటల్ ఉంది. పెన్షన్ మీద వచ్చినవారికి, వారిపై ఆధారపడినవారికి 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం ద్వారా వైద్యం దొరుకుతుంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సాయుధ దళాల వారి కోసం 2023 డిసెంబరులో పుణెలో దీని ప్రత్యేక విభాగం కూడా ప్రారంభమైంది.

చాలామంది "ఎర్రగడ్డకు పంపిస్తారేమో" అని భయపడి దాచుకుంటారు. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో ఎక్కువమంది ఇంటి దగ్గర ఉండే తేరుకుంటారు. మరికొందరు గాలి సోకిందని తాయెత్తులకు తిరుగుతారు, విలువైన నెలలు పోతాయి. షుగరుకు మాత్ర వేసుకుంటూనే ప్రార్థన చేసుకుంటాము కదా, దీనికీ అలాగే చేయాలి.

కాలికి తూటా తగిలి వచ్చినవాణ్ణి "పిరికివాడా, నడువు" అని మనం అనము. మూడు పోస్టింగులు చేసి మనసు అలసి వచ్చినవాణ్ణి కూడా అలా అనకూడదు. సైన్యం ఇచ్చిన సెలవు కొన్ని రోజులే. ఆ రోజుల్లో అతనికి నిజమైన విశ్రాంతి దొరికేలా చూడటం మన చేతిలో పని.