కేటరింగ్‌కు డబ్బంతా ముందే కట్టాలా?

ప్రశ్న: మాఘంలో మా పెళ్లి. కేటరింగ్ వాళ్లు మొత్తం ముందే కట్టమంటున్నారు. కట్టేద్దామంటారు కాబోయే భర్త. నాకేమో భయం. రోజూ ఇదే గొడవ.
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ భయం సబబే. మంచి ముహూర్తాలు కొన్నే కాబట్టి చాలా పెళ్లిళ్లు ఒకే రోజు పడతాయి, అందుకే వాళ్లకంత బెట్టు. అయినా మొత్తం ఇవ్వకండమ్మా. అడ్వాన్సు కొంత, సరుకులకు కొంత, మిగతాది పెళ్లయ్యాక. అసలు పేచీ వచ్చేది ప్లేట్ల లెక్క దగ్గర. కనీసం ఎన్నిటికి కట్టాలి, అదనపు ప్లేటు ధరెంత, లెక్కపెట్టేదెవరు, పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు సంగతేంటి? అన్నీ రాయించి సంతకం తీసుకోండి. రుచి ఇద్దరూ చూడండి, బేరం మాత్రం ఒక్కరే ఆడండి. చెల్లింపులు యూపీఐలోనే. మాట తప్పి డబ్బు తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి.