పాత ఫ్లాపీల్లోంచి తెలుగు తీసే పని: కొన్ని అనుభవ పాఠాలు

కావలి నుంచి ఉదయగిరి పోయే దారిలో మా కలిగిరి. ఇక్కడా, వింజమూరు, ఆత్మకూరుల్లోనూ ఊరి చరిత్రలు, శతకాలు, వంశవృక్షాలు డీటీపీ చేయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అచ్చయిన ప్రతులు చెదల పాలయ్యాయి, ఫైళ్లు మాత్రం బీరువాల్లో ఫ్లాపీల మీద మిగిలాయి. వాటిని ఇప్పటి కంప్యూటర్లోకి తెచ్చే పని చాలాకాలంగా చేస్తున్నాను. పిల్లకాయలు వచ్చి "కన్వర్టర్ ఏదన్నా ఉందా తాతా?" అని అడుగుతారు. ఉంది, కాకపోతే దాని అవసరం పడేది చిట్టచివర. ముందు చేయాల్సినవి ఇవి.

1. డిస్కును డ్రైవులో పెట్టకముందే రాత బంద్ చేయండి. 5.25 అంగుళాల ఫ్లాపీకి అంచున చిన్న గాటు ఉంటుంది, దాన్ని స్టిక్కరుతో మూస్తే ఇక రాయడం కుదరదు. 3.5 అంగుళాల దానికి మూలనున్న బిళ్ల జరిపి కన్నం తెరిస్తే రాయడం కుదరదు. ఒకదాన్ని మూయాలి, ఇంకోదాన్ని తెరవాలి. ఇలా తిరకాసుగా ఎందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్లకే తెలియాలి. డిస్కు పెట్టగానే విండోస్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగితే వద్దనే చెప్పండి. డిస్కులో సరుకు భేషుగ్గా ఉండి, ఆ అమరిక విండోస్‌కు తెలియకపోయినా అదే ప్రశ్న వస్తుంది.

2. డిస్కును చేత్తో తిప్పి, కవరుకున్న కిటికీలోంచి చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. అలాగే పెడితే డ్రైవు తల మురికవుతుంది, ఆ తల తర్వాత పెట్టిన మంచి డిస్కునూ గీకేస్తుంది.

3. డ్రైవుల జాతులు తెలుసుకోండి. బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు 3.5 అంగుళాల 720 కేబీ, 1.44 ఎంబీ డిస్కులకే పనికొస్తుంది. 1.2 ఎంబీ డ్రైవు 360 కేబీ డిస్కును చదువుతుంది, కానీ దాని తల సన్నం. దాంతో రాస్తే వెడల్పాటి పాత గీత మీద సన్న గీత పడి, అసలు 360 డ్రైవుకు రెండూ కలిపి తగులుతాయి. మెకింటోష్ 800 కేబీ డిస్కులది ఇంకో తంతు. అక్కడ తల ఏ ట్రాకు మీదుందో దాన్నిబట్టి డిస్కు తిరిగే వేగం మారుతుంది, పీసీ డ్రైవుదేమో ఒకటే వేగం. 1988 నుంచి వచ్చిన మెకింటోష్ 1.44 ఎంబీ డిస్కులతో ఆ బాధ లేదు. బడుల్లో కంప్యూటరు చదువు కోసం పెట్టిన క్లాస్ పథకం కింద 1984 ప్రాంతంలో మన దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చారు. వాటి డిస్కులు సింగిల్ డెన్సిటీవి, చాలా పీసీలకు అవి అంతుపట్టవు. ఇలాంటి వాటికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. ఫైళ్ల జోలికి పోకుండా డిస్కు మీది అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టు పట్టుకుంటుంది, అర్థం తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు. మాలాంటివాళ్లకు ఇంతకంటే మేలు చేసిన వస్తువు లేదు.

4. ఫైళ్లను ఒక్కొక్కటిగా లాగొద్దు. డిస్కు మొత్తానికీ ఒకేసారి నకలు తీసి, అసలును పక్కన పెట్టి, నకలు మీదే పని చేయండి.

5. పాత మెషీను ఇంకా నడుస్తుంటే డిస్కుతో పనే లేదు. సీరియల్ వైరు వేసి, 2, 3 పిన్నులు అడ్డంగా మార్చి, రెండు వైపులా కెర్మిట్ నడపండి. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రోగ్రామది, పేరు మాత్రం బొమ్మలాటలోని ఒక కప్పది. సీపీఎం, డాస్, యూనిక్స్, మెకింటోష్ వ్యవస్థలన్నింటికీ వచ్చింది. 9600 వేగంతో సెకనుకు 960 అక్షరాలకు మించి పోవు. 360 కేబీ డిస్కుకు ఆరేడు నిమిషాలకు తక్కువ పట్టదు. కరెంటు అంతసేపు ఉండాలి మరి.

6. ఇంగ్లీషు ఫైలు చెడినట్టు కనబడితే కంగారొద్దు. పంక్తి ముగిసిందని చెప్పడానికి పాత మెకింటోష్ 13 అనే కోడు పెడుతుంది, యూనిక్స్ 10 పెడుతుంది, డాస్ రెండూ పెడుతుంది. సీపీఎం ఫైళ్ల చివర 26 వచ్చాక కనబడేదంతా చెత్తే. వర్డ్‌స్టార్ ప్రతి మాట ఆఖరి అక్షరానికీ ఎనిమిదో బిట్ తగిలిస్తుంది, అది తీసేస్తే రాత బయటపడుతుంది.

7. తెలుగు ఫైలు మీద మాత్రం ఆ ఎనిమిదో బిట్ చిట్కా వాడారో, కొంప మునుగుతుంది. తెలుగు చాలావరకు ఉండేది అక్కడే. ముందు అది ఏ జాతి తెలుగో కనుక్కోండి. సీడాక్ వారి జిస్ట్ కార్డు వేసిన డాస్ మెషీన్లలో కొట్టినది ఇస్కీ అయి ఉంటుంది. 1991లో భారతీయ ప్రమాణమైన ఆ పద్ధతిలో అక్షరాలు పలికే వరుసలోనే ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగు గళ్లు పేర్చిందీ దాన్ని చూసే. కాబట్టి యూనికోడ్‌కు మార్చడం పెద్ద కష్టం కాదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొట్టినది వేరు. అక్కడ దాచింది అక్షరాన్ని కాదు, ముక్కల్ని. "స్త్రీ" యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు కోడ్లు. ఫాంటు ఫైల్లో అచ్చుకు కావలసిన బొమ్మముక్కలుంటాయి, తెరమీద సరిగ్గా కనబడితే అంతే చాలు. ఏ ఫాంటో, ఏ వెర్షనో తెలియకపోతే ఆ కోడ్లకు అర్థమే లేదు. అందుకే ఫైలుతోపాటు ఫాంటునూ దాచండి. పాత విండోస్ మీద పేజ్‌మేకర్ నడిచే మెషీను ఒకటి ఉంచుకోండి.

8. మార్చాక అచ్చుప్రతి పక్కన పెట్టుకుని వరుసగా చదవండి. ఒత్తులు, అరసున్నలు, అంకెలు ముందు చూడండి. పద్యమైతే గణాలు తెలిసినవారికి చూపించండి, తప్పెక్కడుందో యతిప్రాసలే పట్టిస్తాయి.

మన మెట్ట ఊళ్లలో ఎవరింట్లోనైనా ఇలాంటి ఫ్లాపీలుంటే చెత్తలో వేయకండి, ఎండ తగలని చోట నిలువుగా పేర్చండి. పాత సీపీయూను ఇనపసామాన్లవాడికి వేసేముందు ఫ్లాపీ డ్రైవు విప్పి ఉంచండి. 5.25 అంగుళాల డ్రైవులు కొత్తవి ఇప్పుడు తయారు కావడం లేదు.