దోమల మందుకూ పరీక్ష అవసరమే

సహజసిద్ధమైన మందుకు క్రిమి ఎన్నటికీ అలవాటుపడదన్న నమ్మకం ఆయుర్వేదాభిమానులలో గాఢంగా ఉన్నది. చాలాకాలం నేనూ అట్లే నమ్మినవాడను. డి.డి.టి. రసాయనం గనుక దోమలు దానిని జయించాయి, మట్టిలో పుట్టిన సూక్ష్మజీవిని మాత్రం జయించలేవని నా తర్కం. ఆ తర్కం తప్పని కొచ్చి నగరపు అనుభవం వలన తెలుసుకున్నాను.

బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో గ్రుడ్లు పెడుతుంది. కొచ్చిలో అట్టి నీటిపై బాసిల్లస్ స్ఫెరికస్ అనే బాక్టీరియాతో తయారైన మందును రెండేళ్లలో 35 మార్లు చల్లారు. పిమ్మట అక్కడి డింభకాలను, అనగా లార్వాలను, పరీక్షించగా అవి మామూలు లార్వాలకంటే 146 రెట్లు అధికంగా ఆ మందును తట్టుకున్నాయి. శాస్త్రజ్ఞులు ఈ ఫలితాన్ని 1995లో ప్రకటించారు.

కారణం లార్వా ప్రేగులో ఉన్నది. ఈ బాక్టీరియా విషం లార్వా కడుపులోకి వెళ్లి, ప్రేగుగోడపై ఒకే ఒక స్థానాన్ని పట్టుకొని పనిచేస్తుంది. ఆ స్థానం పుట్టుకతోనే లోపించిన లార్వాలు కొన్ని ఉంటాయి. తక్కినవి చావగా ఇవే మిగిలి సంతానాన్ని పెంచుతాయి. బి.టి.ఐ. అనే మరొక బాక్టీరియా మందులో నాలుగు ముఖ్య విషాలు కలిసి ఉన్నందున దానిని తప్పించుకొనుట దోమకు కష్టం. జర్మనీలో రైన్ నదీతీరాన 1981 నుండి దానిని చల్లుతున్నారు. 36 ఏళ్ల వాడకం తరువాత జరిపిన పరీక్షలలో సైతం అక్కడి వరదనీటి దోమలలో నిరోధశక్తి కనిపించలేదు. అయినను పరీక్షలు మానలేదు. నాకు నచ్చినది ఆ జాగ్రత్తయే.

పరీక్షా విధానం పాఠకులు ఊహించినంత జటిలమైనది కాదు. కాలువలనుండి తెచ్చిన లార్వాలను 100 మిల్లీలీటర్ల నీరున్న కప్పులలో 25 చొప్పున వేస్తారు. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క మోతాదు మందు కలిపి, కొన్ని కప్పులను మందు లేకుండా ఉంచుతారు. బి.టి.ఐ.కి 24 గంటల తరువాత, నిదానంగా పనిచేసే స్ఫెరికస్‌కు 48 గంటల తరువాత చచ్చినవాటిని లెక్కిస్తారు. మందు లేని కప్పులలోనే నూటికి 20కి మించి చస్తే ఆ పరీక్ష చెల్లదు. సగం లార్వాలను చంపే మోతాదు ఎంతో కట్టి, ఏ మందూ ఎరుగక ప్రయోగశాలలో తరతరాలుగా పెరిగిన దోమల మోతాదుతో పోలుస్తారు. వాటికి ఒక పాలు చాలినచోట మన ఊరి దోమలకు పది పాళ్లు కావలసివస్తే నిరోధం పది రెట్లన్నమాట. ఒకనాటి అంకె చాలదు. చల్లకముందు ఒకమారు, చల్లుతున్నంతకాలం ఏటేటా చూస్తేనే మార్పు తెలుస్తుంది. ఆ మార్పు ముందుగా తెలిస్తే మందు మార్చవచ్చు. ఆలస్యమైతే డబ్బు మురుగులో పోసినట్లే, బోదకాలు భయమూ తీరదు.

మందు చల్లిన తరువాత మీ ఇంటి ముందరి కాలువలో లార్వాలు కదలుతూ కనిపిస్తే, వెంటనే నిరోధశక్తి వచ్చిందని నిర్ణయించకండి. ఎండకు మందు చెడి ఉండవచ్చు, బురదలో అడుగంటి ఉండవచ్చు, మోతాదే తక్కువై ఉండవచ్చు. మూడు రోజులు గడిచినా చిన్న లార్వాలతోపాటు పెద్దవీ ఈదుతూ ఉంటే, అదీ ప్రతి విడతలోనూ అట్లే జరిగితే, పురపాలక మలేరియా విభాగానికి తెలపండి.

మరొక పొరపాటును గూర్చి చెప్పాలి. కామా గుర్తువలె వంగి, తాకగానే గిరగిర తిరిగేవి ప్యూపాలు. అవి ఆహారం తీసుకోవు గనుక ఈ మందు వాటి కడుపులోకి పోదు. అవి బ్రతికి ఉండుట మందు వైఫల్యం కాదు. క్రిమిచికిత్సలో చరకుడు చెప్పిన నిదానపరివర్జనం, అనగా మూలకారణాన్ని తొలగించుట, శరీరంలోని క్రిములను ఉద్దేశించినదే అయినా ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. తొట్టెలలో, కూలర్లలో ప్యూపాలు కనిపిస్తే ఆ నీటిని కాలువలోకి వంపక, ఎండిన నేలపై పారబోసి, పాత్ర లోపలి అంచులను గట్టిగా తోమి ఆరబెట్టండి.