పుట్టిన ఊళ్లో పరదేశి సమాధి

ఇంగ్లాండులో మీరుంటున్న ఊరి పాత చర్చి ఆవరణను ఎప్పుడైనా నెమ్మదిగా చూశారా? పాచిపట్టిన సమాధుల నడుమ అక్కడక్కడ ఒక తెల్లని రాయి, దానిమీద చెక్కిన మేపుల్ ఆకు కనిపిస్తాయి. కెనడా సైనికుడి సమాధి అన్నమాట. కానీ చాలాసార్లు అతడు పుట్టింది ఆ ఊళ్లోనే.

1914లో కెనడా నుండి ఓడలెక్కిన తొలి దళంలో సగానికి మించి బ్రిటన్‌లో పుట్టినవారే. బ్రతుకుతెరువు కోసం వలస వెళ్లినవారు సైనికులుగా తిరిగి సముద్రం దాటారు. ఫ్రాన్సులో చనిపోయినవారిని అక్కడే పాతిపెట్టారు. 1915లో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడి దేహాన్ని మాత్రం కుటుంబం ఇంటికి తెప్పించుకోగలిగింది. ఆ తరువాత అలా తేవడం ఆపేశారు. పలుకుబడి ఉన్నవారికి ఒక న్యాయం, లేనివారికి ఒక న్యాయం కూడదన్నది అందుకు ఒక కారణం. అయితే గాయాలతోనో జబ్బుతోనో బ్రిటన్ ఆసుపత్రుల్లో కన్నుమూసినవారిని బంధువులు సొంత ఊరికి తీసుకువెళ్లగలిగారు. ఊరి చర్చి ఆవరణల్లోని మేపుల్ ఆకు రాళ్లలో చాలా వరకు అలాంటివారివే.

అధికారికైనా సిపాయికైనా రాయి ఒకే కొలత. అడుగున కుటుంబం రాయించుకునే మాట 66 అక్షరాలు మించకూడదు. బ్రిటన్ కుటుంబాలను ఆ అక్షరాలకు డబ్బు అడిగారు. కెనడా ప్రభుత్వం తానే భరించింది. న్యూజిలాండ్ అసలు వద్దంది. (నాకైతే కెనడా పద్ధతే నచ్చింది.)

ఆ రాయిమీద గుర్తు వలస వెళ్లిన దేశానిది, కింద మట్టి కన్నదేశానిది. ఇది చూస్తే యోసేపు గుర్తుకు రాడా? ఐగుప్తులో అంత గొప్ప అధికారి, అయినా తన ఎముకలను అక్కడినుండి తీసుకుపోవాలని ప్రమాణం చేయించుకున్నాడు. అంతకుముందు యాకోబు కూడా, ఇంకా మాట్లాడే శక్తి ఉండగానే, కుమారుణ్ణి పిలిచి చెప్పాడు. ఆ యువ సైనికుల విషయంలో ఎక్కువగా ఇంటివాళ్లే నిర్ణయించవలసివచ్చింది.

మన సహవాసాల్లోనూ ఎవరైనా హఠాత్తుగా ప్రభువునందు నిద్రించినప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఇదే: ఇక్కడా, ఊరికి పంపడమా? తల్లిదండ్రులు అక్కడ, పిల్లలు ఇక్కడ. ఏడుస్తున్న భార్యను అప్పుడు అడగడం ఎంత కష్టం!

ఈ వారం ఆదికాండము 47:29 నుండి 50వ అధ్యాయం చివరివరకు కుటుంబంగా చదవండి. యాకోబు ఎవరితో, ఎప్పుడు చెప్పాడో గమనించండి. తరువాత మీ ఇంట్లోనూ ఆ మాట ఎత్తండి: ఎక్కడ, ఖర్చుకు ఏర్పాటేమిటి, రేపు పిల్లలు సమాధి చూడాలంటే ఎక్కడికి రావాలి.