బగ్గీని ట్రక్కుగా మార్చితే మోటారు ఎందుకు వేడెక్కుతుంది?

రేడియో కంట్రోల్ కార్లతో కాలక్షేపం చేసేవాళ్ల దగ్గర పాతబడిన 10వ వంతు బగ్గీ ఒకటి తప్పకుండా ఉంటుంది. నేలను ఆనుకున్నట్టుండే సన్నని బాడీ, బయటికి కనిపించే నాలుగు చక్రాలు, వెనుక ఒక రెక్క. దానికి పెద్ద చక్రాలు బిగించి, పికప్ ట్రక్కు ఆకారంలో ఉన్న పాలికార్బొనేట్ బాడీ తొడిగితే షార్ట్ కోర్స్ ట్రక్కు సిద్ధమవుతుందన్నది చాలామంది ఆలోచన. చూడ్డానికి అలాగే ఉంటుంది. ట్రాకు మీద వదిలిన నాలుగైదు నిమిషాలకే మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మలుపులో పల్టీ కొడుతుంది. మట్టి దిబ్బ మీది నుంచి ఎగిరితే ముక్కు ఆకాశం వైపు లేచి వెనక్కి పడుతుంది. ఈ మూడింటికీ కారణాలు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి.

షార్ట్ కోర్స్ అనే పేరు అమెరికా నుంచి వచ్చింది. మెక్సికో ఎడారిలో వందల కిలోమీటర్లు సాగే బాహా 1000 లాంటి పోటీలు 1967 నుంచి జరుగుతున్నాయి. వాటిని ప్రేక్షకులు ఒకచోట కూర్చుని చూడలేరు. అందుకే పొట్టి మట్టి ట్రాకుల మీద, చుట్లు చుట్టే పోటీలు పుట్టాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్రాండన్‌లో 1970 నుంచి ఇవి జరుగుతున్నాయి. 1979లో మిక్కీ థాంప్సన్ వీటిని లాస్ ఏంజెలెస్ స్టేడియంలోకి తెచ్చాడు. ఆ ట్రక్కులను 10వ వంతుకు కుదించి ట్రాక్సస్ సంస్థ 2008లో ‘స్లాష్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది టీమ్ అసోసియేటెడ్ ‘ఎస్‌సీ10’ని తెచ్చింది. దానికి ఆధారం ఆ సంస్థకే చెందిన బగ్గీ, స్టేడియం ట్రక్కుల కుటుంబం. అంటే బగ్గీ ఎముకల మీద ట్రక్కును నిలబెట్టడం కర్మాగారాలు కూడా చేసిన పనే. కాకపోతే వాళ్లు చక్రాలతో ఆగలేదు, చాసిస్ నుంచి గేర్ల దాకా లెక్క మార్చారు.

ముందుగా మోటారు సంగతి చూద్దాం. వెనుక చక్రాలతో నడిచే బగ్గీ టైరు వ్యాసం దాదాపు 85 మిల్లీమీటర్లు, షార్ట్ కోర్స్ టైరు వ్యాసం దాదాపు 110. మోటారు ఇరుసు మీద ఉండే చిన్న గేరు పినియన్. దానికి 21 పళ్లు, దానితో కలిసి తిరిగే పెద్ద స్పర్ గేరుకు 81 పళ్లు ఉన్నాయనుకుందాం. 81ని 21తో భాగిస్తే 3.86. గేర్‌బాక్స్ లోపల మరో 2.6 రెట్ల తగ్గింపు ఉంటుంది. రెంటినీ గుణిస్తే దాదాపు 10. అంటే మోటారు పదిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. 85 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత 267 మిల్లీమీటర్లు కాబట్టి, మోటారు ఒక్క చుట్టుకు బండి 26.6 మిల్లీమీటర్లు కదులుతుంది.

గేర్లను ముట్టుకోకుండా 110 మిల్లీమీటర్ల టైరు బిగిస్తే అదే ఒక్క చుట్టుకు బండి 34.5 మిల్లీమీటర్లు కదలాలి. 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీకి, వోల్టుకు 3300 చుట్ల మోటారు కలిపితే నిమిషానికి సుమారు 24,400 చుట్లు. ఈ లెక్కన బగ్గీ గరిష్ఠ వేగం గంటకు 39 కిలోమీటర్లు, ట్రక్కుది 50. ఉత్తినే 11 కిలోమీటర్లు కలిసొచ్చాయని సంబరపడేది ఇక్కడే. కాగితం మీద వచ్చిన ఆ వేగం నేల మీద రాదు.

చక్రం పెద్దదైతే నేలను వెనక్కి తోసే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 85ని 110తో భాగిస్తే 0.77. అంటే బలంలో దాదాపు నాలుగో వంతు పోయింది. మరోవైపు బరువు పెరిగింది. 1.6 కిలోల బగ్గీకి పెద్ద చక్రాలు, బాడీ, ముందూ వెనుకా బంపర్లు, పక్కల కాపు కడ్డీలు చేరితే 2.4 కిలోలకు చేరుతుంది. ఇది ఒకటిన్నర రెట్లు. త్వరణం అంటే బలాన్ని ద్రవ్యరాశితో భాగించడమే కాబట్టి 0.77ని 1.5తో భాగిస్తే వచ్చేది 0.51. బండి చురుకుదనం దాదాపు సగానికి పడిపోయింది.

మలుపు దాటిన ప్రతిసారీ బండి మళ్లీ వేగం అందుకోవాలి. త్వరణం సగమైతే ఆ వేగానికి చేరడానికి పట్టే సమయం రెట్టింపు. విద్యుత్ మోటారు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. వేగం పుంజుకునే కొద్దీ మోటారు తనలో తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకుంటుంది. అది బ్యాటరీ వోల్టేజికి అడ్డుపడి కరెంటును తగ్గిస్తుంది. పాత బగ్గీలో ఈ అధిక కరెంటు దశ క్షణంలో ముగిసేది, ఇప్పుడు రెండు క్షణాలు సాగుతోంది. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గానికీ, అది ప్రవహించే సమయానికీ అనులోమంగా ఉంటుంది. కరెంటు అంతే ఉన్నా సమయం రెట్టింపైతే వేడి రెట్టింపు. మోటారు డబ్బా మాత్రం పాతదే, వేడిని గాలిలోకి వదిలే ఉపరితలం ఒక్క చదరపు సెంటీమీటరు కూడా పెరగలేదు. పైగా దాన్ని ఇప్పుడు పెద్ద బాడీ కప్పేసింది. బ్రష్‌లెస్ మోటారులోని నియోడైమియం అయస్కాంతాలకు వేడి గిట్టదు. మామూలు రకాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శాశ్వతంగా బలం కోల్పోవడం మొదలవుతుంది. అలా నీరసపడిన మోటారు అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు లాగి ఇంకా వేడెక్కుతుంది.

దీనికి మందు చవకైనది. పినియన్ మార్చడమే. 21 పళ్ల స్థానంలో 16 పళ్లది వేస్తే మొత్తం నిష్పత్తి 13.2కు చేరుతుంది, మోటారు ఒక్క చుట్టుకు ట్రక్కు 26.3 మిల్లీమీటర్లు కదులుతుంది. పాత బగ్గీ లెక్కకు దాదాపు సరిపోయింది. పోయిన బలం తిరిగొచ్చింది. అయితే బరువు మాత్రం ఒకటిన్నర రెట్లే ఉంది, కాబట్టి త్వరణం ఇంకా మూడింట రెండు వంతులే. దాన్నీ రాబట్టాలంటే గేరు ఇంకా తగ్గించి గరిష్ఠ వేగాన్ని వదులుకోవాలి, లేదా పెద్ద మోటారు కొనాలి. మలుపులు ఎక్కువున్న చిన్న ట్రాకు మీద వేగాన్ని వదులుకోవడమే తెలివైన బేరం. ఇదే లెక్కను పెద్ద ఎత్తున చేసేవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో జరిగే బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి మనిషి కూర్చుని నడిపే బగ్గీలను తయారుచేసే ఇంజనీరింగ్ విద్యార్థులు టైరు వ్యాసం, గేరు నిష్పత్తి, బండి బరువు అనే మూడు అంకెలతోనే పని మొదలుపెడతారు.

ఇక పల్టీల సంగతి. టైరు వ్యాసం 25 మిల్లీమీటర్లు పెరిగిందంటే ఇరుసు 12.5 మిల్లీమీటర్లు పైకి లేచింది. దానితోపాటు బ్యాటరీ, మోటారు, అన్నీ లేచాయి. పైన బాడీ బరువు చేరింది. రెండు చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను స్థిరత్వ గుణకం అంటారు. నిజమైన కార్లు పల్టీ కొట్టే అవకాశాన్ని అంచనా వేయడానికి అమెరికా రహదారి భద్రతా విభాగం వాడేది దీన్నే. బగ్గీకి చక్రాల మధ్య దూరం 200, గరిమనాభి ఎత్తు 50 మిల్లీమీటర్లు అనుకుంటే గుణకం 2. ఎత్తు 65కు చేరితే అది 1.54కు పడుతుంది. టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం ఈ అంకె కంటే తక్కువైతే మలుపులో బండి జారుతుంది, ఎక్కువైతే జారకుండా పల్టీ కొడుతుంది. అందుకే వదులు మట్టిలో బుద్ధిగా నడిచిన ట్రక్కు, తడిపి గట్టిపరచిన బంకమట్టి మీదో, కార్పెట్ మీదో దొర్లిపోతుంది. పట్టు బాగుంటే పడిపోవడం వింతగా అనిపించవచ్చు కానీ లెక్క అదే చెబుతోంది.

చక్రాల మధ్య దూరాన్ని 250కి పెంచితే గుణకం మళ్లీ 1.92కు వస్తుంది. స్లాష్ మొత్తం వెడల్పు 296 మిల్లీమీటర్లు ఉండడం వెనుక నిజమైన ట్రక్కును పోలి ఉండాలన్న సరదా ఒక్కటే లేదు. అయితే వెడల్పు పెంచితే ఇంకో ముడి పడుతుంది. బగ్గీలో చక్రాన్ని మోసే చేయి చాసిస్ దగ్గర కీలు మీద ఊగుతుంది. స్ప్రింగు ఆ చేయి మధ్యలో ఎక్కడో ఆనుకుని ఉంటుంది. స్ప్రింగు చోటు మార్చకుండా చక్రాన్ని బయటికి జరిపితే, తలుపును అంచు దగ్గర తోసినట్టు చక్రానికి మీట బలం పెరుగుతుంది. కీలు నుంచి చక్రం దూరం 15 శాతం పెరిగితే, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం ఆ నిష్పత్తి వర్గం మేరకు, అంటే 1.32 రెట్లు తగ్గుతుంది. బలం ఒకసారి, కదలిక ఇంకోసారి మారతాయి కనుక వర్గం. దీనికి ఒకటిన్నర రెట్ల బరువు తోడైతే, పాత బగ్గీ తీరు రావాలంటే స్ప్రింగు దాదాపు రెట్టింపు గట్టిదై ఉండాలి. షాక్ అబ్జార్బర్‌లోని సిలికాన్ నూనె కూడా అందుకు తగ్గట్టు చిక్కబడాలి. ఒక్క స్ప్రింగు మార్చి నూనె మరిచిపోతే బండి గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది.

పొడవు కూడా మారాలి. 10వ వంతు బగ్గీ ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 285 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే, షార్ట్ కోర్స్ బాడీలోని చక్రాల గూళ్లు 330 దాకా అడుగుతాయి. కొత్త చాసిస్ పలక కోయించుకునేవాళ్లు మరిచిపోయే సూత్రం ఒకటుంది. ఒకే మందం ఉన్న పలక వంగే తీరు పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. 330ని 285తో భాగించి ఘనం చేస్తే 1.55. అంటే అదే బరువుకు ఒకటిన్నర రెట్లకు పైగా వంగుతుంది. ఊరట ఏమిటంటే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకను 3 చేస్తే చాలు, 1.73 రెట్లు గట్టిపడి పోయింది తిరిగొస్తుంది.

అన్నిటికంటే ఆసక్తికరమైనది గాలిలో జరుగుతుంది. బగ్గీ బాడీ సన్నం, వెనుక రెక్క ఉంటుంది. బాణం తోకకు కట్టిన ఈకల్లా ఆ రెక్క గరిమనాభికి వెనుక ఉండి ముక్కును దారిలో పెడుతుంది. ట్రక్కుగా మార్చినప్పుడు రెక్క పోయి, దాని స్థానంలో కింద బోలుగా ఉన్న డబ్బా లాంటి బాడీ వచ్చింది. పొడవు 55, వెడల్పు 29 సెంటీమీటర్లు, అంటే దాదాపు 0.16 చదరపు మీటర్లు. సెకనుకు 10 మీటర్ల వేగంలో ఎదురుగాలి ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 60 న్యూటన్ల ఒత్తిడి తెస్తుంది. ముక్కు 30 డిగ్రీలు పైకి లేస్తే గాలికి ఎదురయ్యే వైశాల్యం సగం. బాడీ మీద పడే బలం 5 న్యూటన్ల దరిదాపుల్లో ఉంటుంది. బండి బరువు 23.5 న్యూటన్లు. ఐదో వంతు బరువును గాలే ఎత్తేస్తోందన్నమాట. ఎక్కువ గాలి బానెట్ కింద చిక్కుకుంటే ముక్కు మరింత లేస్తుంది. లేచే కొద్దీ ఇంకా గాలి చిక్కుతుంది. పందెగాళ్లు దీన్ని పారాచూట్ కావడం అంటారు. అందుకే ట్రక్కు వెనుక తొట్టి భాగంలోనూ, వెనుక గోడలోనూ కంతలు కోస్తారు. కొత్త బాడీకి కత్తెర పెట్టడానికి మనసొప్పదు గానీ, ఇది అలంకారం కాదు.

గాలిలో ముక్కును సరిదిద్దే ఉపాయం చోదకుడి చేతిలోనే ఉంది. బండి నేల వదిలాక దాని మొత్తం కోణీయ ద్రవ్యవేగం దాదాపు మారదు. గాలిలో యాక్సిలరేటర్ నొక్కితే వెనుక చక్రాలు మరింత ముందుకు తిరుగుతాయి, బదులుగా బండి వెనక్కి తిరిగి ముక్కు లేస్తుంది. బ్రేకు వేస్తే చక్రాల భ్రమణం బండికి బదిలీ అయి ముక్కు దిగుతుంది. ఒక్కో వెనుక చక్రం 130 గ్రాములనుకుని లెక్కిస్తే, పూర్తి వేగంలో తిరిగే చక్రాలను గాలిలో ఒక్కసారిగా ఆపితే బండి సెకనుకు 140 డిగ్రీల దాకా ముందుకు తిరగగలదు. అర సెకను ఎగిరితే చాలు, 70 డిగ్రీలు. మందు ఎంత బలమైనదో, మోతాదు మించితే ఎంత ముప్పో ఈ అంకె చెబుతుంది. తాకీ తాకనట్టు వేలు కదిపితే సరిపోతుంది. నేలకు దిగేటప్పుడు చక్రాలు బిగుసుకుని ఉన్నా, విపరీతంగా తిరుగుతున్నా ఆ దెబ్బంతా గేరు పళ్ల మీద పడుతుంది. బరువైన చక్రాలతో ఆ దెబ్బ మరీ పెద్దది. స్పర్ గేరు పక్కనే ఉండే స్లిప్పర్ క్లచ్‌ను కాస్త జారేలా సర్దేది ఆ దెబ్బను మింగడానికే.

ఇక్కడ ఒక సరదా లెక్క. 10వ వంతు బొమ్మ గంటకు 39 కిలోమీటర్ల వేగంతో పోతే అది నిజమైన ట్రక్కు 390 కిలోమీటర్ల వేగానికి సమానమని ప్రచారం చేసేవాళ్లున్నారు. అది తప్పు. భూమి గురుత్వం బొమ్మకూ ట్రక్కుకూ ఒకటే. మీటరు ఎత్తుకు ఎగిరిన బొమ్మ 0.9 సెకన్లలో నేలకు వస్తుంది. 10 మీటర్లు ఎగిరిన ట్రక్కుకు 2.86 సెకన్లు పడుతుంది. తేడా పది రెట్లు కాదు, పది వర్గమూలం, అంటే 3.16 రెట్లు. వేగానికీ అదే కొలత. ఆ లెక్కన బొమ్మ 39 కిలోమీటర్లు ట్రక్కు 123 కిలోమీటర్లకు సమానం. సినిమాల్లో సూక్ష్మ నమూనాలను ఎక్కువ ఫ్రేముల వేగంతో చిత్రించి నెమ్మదిగా చూపించేది ఇందుకే. 10వ వంతు నమూనాకైతే సెకనుకు 24కు బదులు 76 ఫ్రేములు.

మార్పులన్నీ అయ్యాక ట్రక్కును మొదటిసారి వదిలేటప్పుడు లెక్కలో వచ్చిన దానికంటే ఒక పన్ను తక్కువున్న పినియన్‌తో మొదలుపెట్టడం క్షేమం. రెండు నిమిషాలు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు డబ్బా ఉష్ణోగ్రత చూడాలి. అది పైపైది మాత్రమే, లోపలి తీగచుట్ట అంతకంటే వేడిగా ఉంటుంది. ఐదు నిమిషాల తర్వాత కూడా 70 డిగ్రీలు దాటకపోతే ఒక పన్ను పెంచి మళ్లీ అదే పరీక్ష. మన ఎండాకాలంలో 42 డిగ్రీల మధ్యాహ్నం చేసే పరీక్షకూ, డిసెంబరు ఉదయం చేసే పరీక్షకూ 20 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. కాబట్టి చలికాలంలో కుదిరిన పినియన్‌ను ఏప్రిల్‌లో ఒకటి రెండు పళ్లు తగ్గించాల్సి రావచ్చు.