పోటీ పరీక్షల ప్రత్యేకం: వాయిస్ అలారం

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో అగ్నిప్రమాదం 59 మందిని బలిగొంది. బాల్కనీని పొగ కమ్మేస్తున్నా మైకులో హెచ్చరిక వినిపించలేదు. వాయిస్ అలారం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ లేదు.

సైరన్ ప్రమాదం ఉందని చెబుతుంది. ఏ మెట్ల దారిన దిగాలో చెప్పేది మాటే. వాయిస్ అలారంలో, ఫైర్ ప్యానెల్ నుంచి సంకేతం అందగానే ముందే రికార్డు చేసిన ప్రకటన అంతస్తులవారీగా వినిపిస్తుంది. మాట స్పష్టతను 0 నుంచి 1 వరకు ఉండే స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్‌తో కొలుస్తారు. ప్రతిధ్వని పెరిగితే, శబ్దం ఎంత గట్టిగా ఉన్నా, ఈ ఇండెక్స్ పడిపోతుంది. పెద్ద భవనాల్లో స్పీకర్లకు సాధారణంగా 100 వోల్టుల లైన్ వాడతారు. దీనివల్ల పొడవాటి తీగల్లో విద్యుత్ నష్టం తగ్గుతుంది.

తరచూ తికమకపెట్టే అంశం: ఐరోపా ప్రమాణం ఈఎన్ 54లో 16వ భాగం కంట్రోల్ పరికరాలకు, 24వది స్పీకర్లకు.